తొండి చేసేవాడే ఓడిపోవాలి: గేమ్‌బాయ్ కలర్ కోసం వాకీ రేసెస్ తరహా ఆట

వాకీ రేసెస్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు అందరినీ దాటి ముందుకు దూసుకుపోగల కారు మీన్ మెషీన్. 34 రేసుల్లో ఒక్కటి కూడా గెలవని కారూ అదే. హానా-బార్బెరా వాళ్ల ఈ కార్టూన్ 1968 సెప్టెంబర్ 14న అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో మొదలైంది, 1969 జనవరికల్లా 17 ఎపిసోడ్లతో అయిపోయింది. ఎపిసోడ్‌కి రెండు రేసులు, రేసుకి 11 కార్లు. మీన్ మెషీన్ నడిపే డిక్ డాస్టర్డ్‌లీ ముందుకు పోతాడు, ఆగుతాడు, వెనక వచ్చేవాళ్ల కోసం గొయ్యి తీస్తాడు, అందులో తనే పడతాడు. పక్కన కూర్చున్న అతని కుక్క మట్లీ కిసకిస నవ్వుతాడు. మిగతా పది కార్లూ తలా మూడో నాలుగో రేసులు గెలిచాయి. అంటే ఒక్కడు తప్ప అందరూ దాదాపు సమానం. ఈ షో మీద ఏ రేసింగ్ ఆట కట్టినా ముందు చేతికి రావాల్సింది ఈ లెక్కే. గ్రాఫిక్స్ ఎంత బాగున్నా, ఈ లెక్క తప్పితే అది బొమ్మలు మార్చిన మామూలు కార్ల ఆటే.

ఈ షో పేరుతో ఆటలు చాలానే వచ్చాయి. 1991లో అట్లస్ కంపెనీ నింటెండో ఇంటి ఆట యంత్రం నెస్ కోసం తెచ్చింది అసలు రేసింగే కాదు, దూకుతూ పరిగెత్తే ఆట. 2000లో ఇన్ఫోగ్రామ్స్ నింటెండో చేతి ఆట యంత్రం గేమ్‌బాయ్ కలర్‌కి తెచ్చింది రేసింగ్. 2008లో నింటెండో డీఎస్ కోసం ఇంకొకటి వచ్చింది. వాటి సమీక్ష కాదు ఇది. అదే గేమ్‌బాయ్ కలర్ మీద, అదే స్ఫూర్తితో, సొంతంగా ఒక ఆట కట్టాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నది. రోడ్డు ఎలా గీయాలి, కార్లు ఎన్ని పడతాయి, తొండి ఎలా రాయాలి, ఎక్కడ చెడిపోతుంది అన్నదే ఇందులో ఉంటుంది. ఒక్క మాట ముందే: ఆ పాత్రల హక్కులు వార్నర్ బ్రదర్స్‌వి. ఇంట్లో సాధన కోసం ఏ బొమ్మలైనా గీసుకోవచ్చు, బయట పెట్టే ఆటకి మాత్రం పాత్రలు, పేర్లు, కార్లు మీవే కావాలి. అరువు తెచ్చుకోదగ్గది వాళ్ల ముఖాలు కాదు, రేసు నడిచే పద్ధతి.

రోడ్డు

గేమ్‌బాయ్ కలర్ తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 గీతలు. బొమ్మని తిప్పడం, సాగదీయడం ఈ హార్డ్‌వేర్‌కి చేతకాదు. అయినా దూరానికి సన్నబడే రోడ్డు, మలుపులు, కొండలు అన్నీ దీనిమీద వస్తాయి, ఎందుకంటే తెరని ఇది ఒక్కో గీతగా గీస్తుంది. గీతకీ గీతకీ మధ్య హెచ్‌బ్లాంక్ అనే చిన్న విరామం ఉంటుంది. ఆ విరామంలో రెండు స్క్రోల్ రిజిస్టర్లని (హార్డ్‌వేర్ చూసే విలువలుండే చిన్న గడులు) మారిస్తే చాలు: పక్కకి జరిపే ఎస్‌సీఎక్స్, పైకీ కిందకీ జరిపే ఎస్‌సీవై.

నేపథ్యం మ్యాప్ 32 టైళ్లు (8 చుక్కల చదరపు ముక్కలు) పొడవు, 32 టైళ్లు వెడల్పు, అంటే 256 చుక్కల చదరం. దాన్ని ఇలా పంచుకోవాలి: పైన 64 గీతలు ఆకాశం, కింద 80 గీతలు నిటారు రోడ్డు, దాని కింద మళ్లీ 80 గీతలు అదే రోడ్డు ఇంకో రంగులో. మొత్తం 224, ఇంకా 32 గీతలు మిగులుతాయి. రెండో రోడ్డుకి వేరే టైళ్లు గీయక్కర్లేదు. గేమ్‌బాయ్ కలర్‌లో ప్రతి మ్యాప్ గడికీ వీడియో మెమరీ రెండో బ్యాంకులో ఒక ఆట్రిబ్యూట్ బైటు ఉంటుంది, అందులో పాలెట్ (రంగుల గుంపు) నంబర్ మారిస్తే లేత గడ్డి ముదురు గడ్డి అవుతుంది, తెల్ల అంచు ఎర్ర అంచు అవుతుంది. రోడ్డు కుడి అంచు కూడా ఎడమ అంచుని తిప్పి వేసిందే, దానికీ అదే బైటులో ఒక బిట్ ఉంది. మొత్తం రోడ్డు యాభై టైళ్ల లోపే పూర్తవుతుంది.

ఏ గీతలో లేత రంగు, ఏ గీతలో ముదురు రంగు అన్నది దూరం చెబుతుంది. దిగంతం నుంచి కిందకి 1 నుంచి 80 వరకు గీతలు లెక్కపెడితే, ఒక్కో గీత దూరం అంటే 2560ని ఆ గీత నంబరుతో భాగించిన విలువ. కింద చివరి గీత దూరం 32, నలభయ్యో గీత 64, ఇరవయ్యో గీత 128. ఈ భాగహారాలు ఆట నడిచేటప్పుడు చేయకూడదు, ప్రాసెసర్‌కి భాగహారం సూచనే లేదు. ముందే పట్టికగా రామ్‌లో కాకుండా కార్ట్రిడ్జ్‌లో పెట్టేయాలి. ఆట నడిచేటప్పుడు చేసేదల్లా ఆటగాడి స్థానాన్ని ఆ దూరానికి కూడి, వచ్చిన సంఖ్యలో 64 విలువున్న బిట్ చూడటం. అది సున్నా అయితే మొదటి రోడ్డు, ఒకటి అయితే రెండో రోడ్డు. స్థానం పెరిగే కొద్దీ పట్టీలు మన వైపు పరిగెత్తుకొస్తాయి.

ఇక్కడ అందరికీ ఎదురయ్యే లోపం ఒకటి ఉంది. దిగంతం దగ్గర పట్టీలు ముందుకి కాకుండా వెనక్కి పోతున్నట్టు, మిణుకుమిణుకుమంటూ కనిపిస్తాయి. ఐదో గీతకీ ఆరో గీతకీ మధ్య దూరం తేడా 85 దాకా ఉంటుంది, పట్టీ పొడవు 64 మాత్రమే. ఒక గీత నుంచి ఇంకో గీతకి వచ్చేలోపు ఒక పట్టీ మొత్తం దాటిపోతోందన్నమాట. దీనికి పరిష్కారం ఏ లెక్కా కాదు. పై 6 గీతల్నీ ఒకే రంగులో వదిలేయండి. కంటికి అది దుమ్ము పట్టిన దూరంలా అనిపిస్తుంది, ఎవరూ గమనించరు.

మలుపు కింది నుంచి పైకి లెక్కపెట్టాలి. కింది గీత దగ్గర జరుగుడు సున్నా. ఒక్కో గీత పైకి వెళ్లే కొద్దీ వాలుకి వంపు కూడాలి, జరుగుడుకి వాలు కూడాలి. రెండూ 16 బిట్ల సంఖ్యలు, పై 8 బిట్లు చుక్కలు, కింది 8 బిట్లు భిన్నం. గీతకి రెండు కూడికలే. కానీ తెర పై నుంచి కిందకి గీస్తుంది, మన లెక్క కింది నుంచి పైకి పోతుంది. అందుకే ఫలితాన్ని ముందుగా ఒక పట్టికలో రాసి పెట్టుకోవాలి: గీతకి రెండు బైట్లు, 80 గీతలకి 160 బైట్లు. ఈ పట్టిక 256 బైట్ల హద్దు మీద మొదలైతే మంచిది, చదివేటప్పుడు చిరునామాలో కింది బైటు ఒక్కటే పెంచుకుంటూ పోవచ్చు.

పట్టికలు రెండు ఉండాలి. ఒకటి తెర చదువుతుండగా ఇంకొకటి మనం రాయాలి, వీబ్లాంక్‌లో (తెర మొత్తం గీశాక వచ్చే పెద్ద విరామం) మార్చుకోవాలి. ఒక్కటే పెట్టుకుంటే రోడ్డు మధ్యలో తెగి, పై సగం కొత్త మలుపులో, కింది సగం పాత మలుపులో కనిపిస్తుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు ఈ తెగుడు కంటికి ఆనదు, పూర్తి వేగంలో బయటపడుతుంది. కాబట్టి పరీక్ష ఎప్పుడూ పూర్తి వేగంలోనే చేయాలి.

కొండలకి ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదు. ఎస్‌సీవై విలువ అంటే చూపించాల్సిన మ్యాప్ గీత లోంచి తెర గీత తీసేయగా వచ్చేది. అదే రోడ్డు గీతని రెండుసార్లు చూపిస్తే రోడ్డు సాగుతుంది, ఎక్కుతున్నట్టు ఉంటుంది. గీతలు వదిలేస్తూ పోతే కుదించుకుపోతుంది, దిగుతున్నట్టు ఉంటుంది.

పక్కకి ఎంత జరపొచ్చు అన్నదానికీ హద్దు ఉంది. మ్యాప్ 256 చుక్కల దగ్గర చుట్టుకుని మళ్లీ మొదటికొస్తుంది. కింది గీతలో రోడ్డు సగం వెడల్పు 70 చుక్కలు అనుకుంటే, నడిమి గీతని తెర మధ్య నుంచి 106 చుక్కలు దాటి జరిపితే అవతలి అంచున అదే రోడ్డు మళ్లీ తొంగిచూస్తుంది. 100 దగ్గర ఆపేయండి. కారు అప్పటికే గడ్డిలో ఉంటుంది కాబట్టి ఆటకి నష్టం లేదు. పైన సన్నటి గీతల్లో ఈ హద్దు ఎక్కువ, కాబట్టి పెద్ద మలుపులకి ఇబ్బంది ఉండదు.

గీతల మధ్య సమయం

ప్రాసెసర్‌ని రెట్టింపు వేగంలోకి మార్చుకుంటే, అంటే 8.39 మెగాహెర్ట్జ్‌లో, ఒక్కో గీతకి 228 మెషీన్ సైకిళ్లు దొరుకుతాయి. హెచ్‌బ్లాంక్ పిలుపు (ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపించి ఇంకో కోడ్ నడిపించే సంకేతం) అందుకుని, రెండు రిజిస్టర్లు నిల్వచేసి, పట్టిక నుంచి రెండు బైట్లు తీసి ఎస్‌సీఎక్స్‌లో, ఎస్‌సీవైలో రాసి, తిరిగి వెళ్లే అసెంబ్లీ కోడ్ 47 సైకిళ్లలో అయిపోతుంది. 80 గీతలకి 3760. ఒక ఫ్రేముకి (తెర ఒకసారి మొత్తం గీసే సమయం) ఉన్నవి 35,112. అంటే రోడ్డు మొత్తం 11 శాతం లోపే. ఆట మిగతా భాగాన్ని సీ భాషలో జీబీడీకే-2020 అనే పనిముట్లతో రాసుకున్నా ఫరవాలేదు, ఈ 47 సైకిళ్ల ముక్క మాత్రం అసెంబ్లీలోనే రాయండి. సీ కంపైలర్ పిలుపులో అన్ని రిజిస్టర్లనీ దాచి, మళ్లీ తీసి, అక్కడే సమయం తినేస్తుంది.

మొదటి రోడ్డు గీత 64వది. కాబట్టి ఏ గీత దగ్గర పిలుపు రావాలో చెప్పే ఎల్‌వైసీ రిజిస్టర్‌లో 63 పెట్టి, ఆ పిలుపు రాగానే స్టాట్ రిజిస్టర్‌లో ఎల్‌వైసీ పిలుపు ఆపి, హెచ్‌బ్లాంక్ పిలుపు పెట్టాలి, రెండూ ఒకే రాతలో. రెండింటినీ మొదటి నుంచీ ఆన్‌లో ఉంచేస్తే 63వ గీతలో హెచ్‌బ్లాంక్ పిలుపు రాదు. లోపల రెండు కారణాలకీ ఒకే తీగ. ఎల్‌వైసీ దాన్ని అప్పటికే పైకి లేపి ఉంచింది, ఇంక లేవడానికి చోటు లేదు. దాంతో మొత్తం పట్టిక ఒక గీత కిందకి జారుతుంది, దిగంతం దగ్గర ఒక గీత వణుకుతుంది. హెచ్‌బ్లాంక్‌లో రాసింది తర్వాతి గీతకి వర్తిస్తుందన్న సంగతి మరిచినా ఇదే వణుకు వస్తుంది. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి సరిచేసి, బాగానే ఉన్నట్టు కనిపించే సందర్భాలూ ఉంటాయి. తర్వాత ఎప్పుడో ఇంకేదో మారిస్తే బయటపడతాయి.

అక్కడక్కడ ఒక్క గీత మాత్రం ఎగిరి పక్కకి పోయి మళ్లీ వస్తుంటే, దోషం రోడ్డుది కాదు, సంగీతానిది. టైమర్ పిలుపులో సంగీతం నడుపుతుంటే, ఆ పిలుపు నడిచినంతసేపూ మిగతా పిలుపులు ఆగి ఉంటాయి, ఒక హెచ్‌బ్లాంక్ ఆలస్యమవుతుంది. సంగీతాన్ని వీబ్లాంక్ తర్వాత, ఆకాశం గీస్తున్న 64 గీతల సమయంలో నడపండి. అప్పుడు రోడ్డు పిలుపులేవీ ఉండవు. అలాగే రెట్టింపు వేగంలో టైమర్ కూడా రెట్టింపు పరిగెత్తుతుంది, స్వరాల శ్రుతి మాత్రం మారదు. పాట ఉన్నట్టుండి హడావుడిగా పోతుంటే కారణం అదే.

పదకొండు కార్లు, పది స్ప్రైట్లు

షో ప్రాణం 11 కార్లు పక్కపక్కనే తోసుకుంటూ పోవడంలో ఉంది. హార్డ్‌వేర్ దీనికి సరిగ్గా అడ్డం తిరుగుతుంది. మొత్తం 40 స్ప్రైట్లు (నేపథ్యం మీద విడిగా కదిలే బొమ్మ ముక్కలు), ఒక గీతలో 10 మాత్రమే. ఒక్కో స్ప్రైట్ వెడల్పు 8 చుక్కలు. ఆటగాడి కారు 32 చుక్కల వెడల్పు అంటే గీతకి 4. పక్కన 24 చుక్కల కార్లు రెండు వస్తే ఇంకో 6. అక్కడితో 10 సరి. ఇంకొక పొగ ముక్క, ఒక అరటితొక్క, ఏది ఆ గీతల్లోకి వచ్చినా ఏదో ఒకటి మాయమవుతుంది.

ఏది మాయమవాలో మనమే నిర్ణయించవచ్చు. హార్డ్‌వేర్ ఓఏఎమ్ అనే స్ప్రైట్ల పట్టికలో ముందున్న పదింటిని ఎంచుకుంటుంది. కాబట్టి ఆటగాడి కారు ముందు, దగ్గరి ప్రత్యర్థులు తర్వాత, పొగా దుమ్మూ చివర. దూరపు కార్లని ఫ్రేము మార్చి ఫ్రేము క్రమం తిప్పుతూ ఉంటే పూర్తిగా మాయమవకుండా మిణుకుతాయి, కంటికి అదే నయం. ఇంకో సంగతి చాలామందిని రోజులకొద్దీ తిప్పలు పెడుతుంది. కనిపించకూడని స్ప్రైట్‌ని తెర పక్కకి నెట్టేస్తే అది కనిపించదు గానీ ఆ గీత లెక్కలోకి వస్తుంది. ఎంపిక నిలువు స్థానాన్ని బట్టే జరుగుతుంది, అడ్డం స్థానాన్ని చూడదు. దాచాలంటే నిలువు స్థానాన్ని సున్నా చేయాలి.

సాగదీసే హార్డ్‌వేర్ లేదు కాబట్టి ప్రతి కారునీ ఒక్కో సైజులో విడిగా గీయాలి. మూడు సైజులతో సరిపెడితే కారు దగ్గరికొచ్చేటప్పుడు టప్పున ఉబ్బినట్టుంటుంది. నాలుగు కావాలి: 24 చుక్కలది, 20 చుక్కలది, 16ది, 8ది. మొదటి రెండిటికీ 12 టైళ్ల చొప్పున, మూడోదానికి 4, నాలుగోదానికి 2, మొత్తం 30. పది మంది ప్రత్యర్థులు, నిటారుగా ఒకటి, పక్కకి తిరిగి ఒకటి (రెండో పక్కకి అదే తిప్పి వేయాలి). మొత్తం 600 టైళ్లు. స్ప్రైట్లు వాడుకోగలిగే టైళ్లు రెండు బ్యాంకుల్లో కలిపి 512. ఆటగాడి కారు ఇంకా లెక్కలోకే రాలేదు.

కాబట్టి చిన్న సైజులు రెండూ నిటారు బొమ్మలతో శాశ్వతంగా మెమరీలో ఉంచాలి, పదింటికీ 60 టైళ్లు చాలు. ఆ దూరంలో కారు పక్కకి తిరిగిందో లేదో ఎవరికీ తెలియదు. పెద్ద సైజులు మాత్రం అత్యంత దగ్గరగా ఉన్న రెండు కార్లకే, ఆ ఫ్రేములోనే కార్ట్రిడ్జ్ నుంచి వీడియో మెమరీకి పంపాలి. అది 24 టైళ్లు, 384 బైట్లు. గేమ్‌బాయ్ కలర్‌లో దీనికోసమే ఒక డీఎమ్ఏ (బైట్లని నేరుగా వీడియో మెమరీకి పంపే ఏర్పాటు) ఉంది, 16 బైట్లకి 32 చుక్కల సమయం తీసుకుంటుంది. వీబ్లాంక్ 4560 చుక్కలు, అంటే లెక్క ప్రకారం 142 టైళ్లు పడతాయి. ఓఏఎమ్ పంపకానికి, రంగుల మార్పుకి చోటు వదిలి 90 దాటకుండా చూసుకోండి. దాటితే వీబ్లాంక్ అయిపోయాక కూడా పంపకం నడుస్తుంది, కార్ల మీద చెత్త చుక్కలు పడతాయి.

కారు ఏ గీత మీద పడాలి అన్నది రోడ్డు లెక్కనే తిరగేస్తే వస్తుంది: 2560ని ఆ కారు దూరంతో భాగించాలి, అదీ పట్టికే. ఆ గీతలో రోడ్డు ఎంత పక్కకి జరిగిందో మన మలుపు పట్టికలో ఇప్పటికే ఉంది. దానికి కారు నడిచే వరస కలిపితే చోటు తెలుస్తుంది. పదో గీత కంటే పైన ఉంటే గీయకండి.

రంగుల విషయంలో షోయే మనకి సాయపడుతుంది. స్ప్రైట్లకి 8 పాలెట్లు, ఒక్కోదానిలో 3 రంగులు. కార్లు 11. కానీ లేజీ లూక్ చెక్క బండి, రూఫస్ రఫ్‌కట్ దుంగల బండి ఒకే గోధుమ రంగు పాలెట్‌లో ఇమిడిపోతాయి. స్లాగ్ అన్నదమ్ముల బండరాయి బూడిద రంగుని గ్రూసమ్ జంట బండీ పంచుకోగలదు. పెనెలపీ పిట్‌స్టాప్ గులాబీకి మాత్రం సొంత పాలెట్ ఇవ్వాలి, అందులో రాజీపడితే ఆ కారు ఆ కారులా ఉండదు. నిజానికి 16 చుక్కల సైజులో రంగు కంటే ఆకారమే ఎక్కువ మాట్లాడుతుంది. రంపపు చక్రాలు, బండరాయి గుండ్రనితనం, విమానం రెక్కలు ఏ దూరంలోనైనా తెలిసిపోతాయి. మీ సొంత కార్లు గీసేటప్పుడు ముందు వాటిని పూర్తి నలుపులో 16 చుక్కల్లో గీసి చూడండి. పదకొండూ వేటికవి తెలిసిపోతే అప్పుడు రంగులేయండి.

రంగుల గురించే ఇంకొకటి. అసలు యంత్రానికి వెనక దీపం లేదు. కంప్యూటర్ తెర మీద ముచ్చటగా కనిపించే ముదురు ఊదా అక్కడ నల్లటి ముద్ద అవుతుంది. అనుకున్నదానికంటే రెండు మెట్లు లేతగా వేయండి. సేమ్‌బాయ్ ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీద ఈ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) రంగుల సవరణ పెట్టుకుంటే కొంత అంచనా దొరుకుతుంది.

తొండి

ఇంతవరకు చెప్పింది ఏ రేసింగ్ ఆటకైనా పనికొస్తుంది. షో మొదలయ్యేది ఇక్కడ.

మామూలు కారు గరిష్ఠ వేగం ఫ్రేముకి 3 యూనిట్లు అనుకోండి, 8.8 స్థిర బిందువులో (పై 8 బిట్లు పూర్ణాంకం, కింది 8 భిన్నం) 768. తొండివాడి కారుకి 3.5, అంటే 896. సెకనుకి 30 యూనిట్ల ఆధిక్యం పెరుగుతుంది. పది సెకన్లలో 300 యూనిట్లు ముందుంటాడు. అక్కడ ఆగాలి. వెనకవాళ్లు 300 యూనిట్లు నడిచి రావడానికి 100 ఫ్రేములు పడుతుంది. సరిగ్గా ఆ 100 ఫ్రేములూ వాడు ఉచ్చు బిగిస్తూ ఉండాలి, ఆటగాడికి దూరం నుంచే కనిపిస్తూ ఉండాలి. ఆ తర్వాత ఉచ్చు తిరగబడితే ఇంకో 60 నుంచి 120 ఫ్రేములు చిక్కుకుపోవాలి. ఈలోపు మిగతావాళ్లు 180 నుంచి 360 యూనిట్లు ముందుకు పోతారు. వాళ్లని అందుకోవడానికి మళ్లీ 6 నుంచి 12 సెకన్లు. ఒక చుట్టు తిరగడానికి పాతిక సెకన్ల దాకా పడుతుంది కాబట్టి రెండు నిమిషాల రేసులో నాలుగైదు ఉచ్చులు. షోలో ఒక రేసుకి ఉండే ఊపు దాదాపు ఇదే.

ఐదే స్థితులు: నడవడం, దూసుకుపోవడం, ఆగడం, ఉచ్చు బిగించడం, ఇరుక్కోవడం. 11 కార్లకీ ఒకే కోడ్, వీడికి మాత్రం ఈ ఐదు అదనం. గమ్యం ముందు ఒక నియమం తప్పనిసరి: 400 యూనిట్లు మిగిలి, వాడు మొదటి స్థానంలో ఉంటే, ఆధిక్యంతో పనిలేకుండా ఆగాలి. ఇది లేకపోతే వాడు అప్పుడప్పుడూ గెలుస్తాడు. వాడు ఒక్కసారి గెలిచినా ఆట మీద నమ్మకం పోతుంది. ఓడిపోవడం వాడి వేగం తగ్గించి చేయకూడదన్నది అసలు విషయం. కంప్యూటర్ వాణ్ని వెనక్కి లాగినట్టు కనిపించకూడదు, వాడే ఆగినట్టు కనిపించాలి.

ఉచ్చు తిరగబడాలా వద్దా అన్నది ఒక యాదృచ్ఛిక బైటు చెబుతుంది. కంప్యూటర్ నడిపేటప్పుడు నాలుగింట మూడుసార్లు తిరగబడనివ్వండి. ఆ నాలుగోసారి తగిలేది ఆటగాడికే అయితే చికాకు, కాబట్టి దగ్గర్లో ఇంకో కారు ఉంటే దానికే తగలనివ్వండి.

ఆటగాడే తొండివాణ్ని ఎంచుకుంటే? 3.5 వేగం ఇచ్చేస్తే ఎక్కడా ఆగకుండా పోయి గెలుస్తాడు, ఆటే ఉండదు. అందుకే ఆటగాడి చేతిలో ఆ కారు వేగం అందరితో సమానంగా ఉంచి, తగిలిన ప్రతి ఉచ్చుకీ 5 సెకన్ల పాటు పదహారో వంతు వేగం పెంచండి. ఒకే ల్యాపులో మొదటి ఉచ్చు తిరగబడే అవకాశం నాలుగో వంతు, రెండోది సగం, మూడోది ముప్పావు. కోడ్‌లో ఇది యాదృచ్ఛిక బైటుని 64తో, 128తో, 192తో పోల్చడమే. ఆశ పెరిగే కొద్దీ గొయ్యి లోతవుతుంది.

మిగతా కార్ల విద్యలు పది రకాలుగా రాస్తే కోడ్ తడిసి మోపెడవుతుంది. షోలో చూస్తే అవన్నీ నాలుగు గంపల్లో పడతాయి. యాంట్ హిల్ ముఠా కారు అడుగునుంచి కాళ్లు బయటపెట్టి పరిగెత్తడం వేగం పెంచుకోవడమే. రెడ్ మ్యాక్స్ కారు కాసేపు గాల్లోకి లేవడం అడ్డంకి దాటడమే. సార్జెంట్ బ్లాస్ట్ ఫిరంగి ముందుకి కాల్చడం. రూఫస్ రంపపు చక్రాలు అడ్డొచ్చినదాన్ని కోయడం. ఈ నాలుగు పనులు రాసి, ఒక్కో కారుకీ ఏ పని, ఎన్ని ఫ్రేములు, మళ్లీ వాడేందుకు ఎంత ఆగాలి అని మూడు బైట్ల పట్టిక ఇస్తే చాలు. ప్రొఫెసర్ ప్యాట్ పెండింగ్ బండి రూపాలు మారుస్తుంది కాబట్టి దానికి నాలుగింటిలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ఇవ్వండి.

పది కార్ల సమానత్వానికి సాగే తాడు లాంటి సర్దుబాటు కావాలి. బాగా వెనకబడ్డవాడికి పదహారో వంతు వేగం కలపండి, బాగా ముందున్నవాడికి పదహారో వంతు తీసేయండి. రేసు చివరి ఎనిమిదో వంతులో ఈ సర్దుబాటు పూర్తిగా ఆపేయండి. ఆపకపోతే చివరి మలుపు దాకా నిదానంగా పోయి అక్కడ తొక్కితే చాలని ఆటగాడు రెండో రోజే కనిపెట్టేస్తాడు. సర్దుబాటు సరిపోయిందో లేదో చూడటానికి మనిషి అక్కర్లేదు. తెర గీయకుండా 34 రేసుల్ని కంప్యూటరే ఆడుకునేలా ఒక మోడ్ పెట్టి, గెలుపులు లెక్కపెట్టండి. ఒక్కో కారుకీ మూడో నాలుగో రావాలి, తొండివాడికి సున్నా. 34 చిన్న సంఖ్య కాబట్టి ఒకసారి రెండు, ఇంకోసారి ఐదు వచ్చినా కంగారు పడక్కర్లేదు. పదిసార్లు నడిపి సగటు చూడండి.

మీటలు, శబ్దం, దాచుకోవడం

గేమ్‌బాయ్ కలర్‌కి భుజాల మీద మీటలు లేవు. ఏ (A) మీట గ్యాసుకి, బీ (B) మీట విద్యకి పెట్టండి. బొటనవేలు ఏ మీద ఆనించే బీ మీదకి ఒరగొచ్చు. బ్రేకు కింది బాణానికి. పక్కకి నొక్కే వేలు పొరపాటున కిందకి కూడా తగులుతుంది, మలుపుల్లో కారు ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది, ఆటగాడికి కారణం తెలియదు. ఎడమో కుడో నొక్కి ఉన్నప్పుడు కింది బాణం వరసగా 4 ఫ్రేములు నొక్కి ఉంటేనే బ్రేకుగా తీసుకోండి.

ఇంజిన్ శబ్దానికి వేవ్ ఛానెల్ మేలు, పల్స్ ఛానెల్ కంటే ఒక స్థాయి కిందకి దిగుతుంది. కానీ ఆ చిన్న స్పీకర్ మరీ కింది స్వరాలని వినిపించదు, కాబట్టి తరంగాన్ని నున్నగా కాకుండా గరుకుగా, అంచులతో రాయాలి. కుక్క నవ్వు లాంటి శబ్దానికి రికార్డింగ్ పెట్టకండి, దాన్ని నడపడానికి ప్రాసెసర్ గీతల మధ్య సమయాన్నే అడుగుతుంది. నాయిస్ ఛానెల్‌లో నాలుగైదు చిన్న ఊపిరి ముక్కలు, ఒక్కోటి 3 ఫ్రేములు, మధ్యలో 3 ఫ్రేముల ఖాళీ. ఉచ్చు తిరగబడ్డప్పుడు ఇది వినిపిస్తే చాలు, ఎవరు నవ్వారో చెప్పక్కర్లేదు.

ఇద్దరు తీగ కలుపుకుని ఆడేటప్పుడు ఒక్కో ఫ్రేముకీ మీటల బైటు ఒక్కటే పంపుకుని, మిగతా లెక్క రెండు యంత్రాలూ విడివిడిగా చేసుకోవడం తేలిక. మామూలు వేగంలో తీగ సెకనుకి 8192 బిట్లు మోస్తుంది, ఒక బైటుకి ఒక మిల్లీసెకను. అయితే యాదృచ్ఛిక సంఖ్యల విత్తనం మొదట్లోనే పంచుకోవాలి. దాన్ని ఎప్పుడూ పెరుగుతూ ఉండే డివ్ రిజిస్టర్ నుంచి తీస్తే రెండు యంత్రాల్లో రెండు రకాలుగా ఉంటుంది. ఒక తెరలో ఉచ్చు తిరగబడుతుంది, ఇంకో తెరలో తగులుతుంది, అక్కడినుంచి ఇద్దరూ వేర్వేరు రేసులు ఆడుతుంటారు.

రికార్డులు కార్ట్రిడ్జ్‌లోని బ్యాటరీ రామ్‌లో దాస్తే రెండు ప్రతులు, ఒక్కోదానికి చెక్‌సమ్ (బైట్లు చెడాయో లేదో చెప్పే మొత్తం) పెట్టండి. రాసే ముందు హెక్సా 0ఏ రాసి రామ్ తెరవాలి, రాయగానే సున్నా రాసి మూసేయాలి. తెరిచి వదిలేస్తే స్విచ్ ఆపేటప్పుడు వచ్చే వోల్టేజ్ ఊగులాటలో చెత్త రాతలు పడతాయి. ఒక ప్రతి చెడితే రెండోది ఉంటుంది, రెండూ చెడితే కొత్తగా మొదలుపెట్టాలి తప్ప చెత్తని రికార్డుగా చూపించకూడదు.

ఎమ్యులేటర్‌లో అంతా సరిగ్గా నడిచాక ఫ్లాష్ కార్ట్రిడ్జ్‌తో అసలు యంత్రంలో పెట్టి చూడండి. కొన్ని ఎమ్యులేటర్లు తెర గీస్తున్న సమయంలో వీడియో మెమరీకి రాసినా ఒప్పుకుంటాయి, అసలు యంత్రం ఒప్పుకోదు. అక్కడ టైళ్లు గల్లంతవుతాయి. చూడాల్సిన చోటు ఒక్కటే: పూర్తి వేగం, పదునైన మలుపు, పక్కన రెండు పెద్ద కార్లు, ముందు ఉచ్చు బిగిస్తున్న తొండివాడు. ఆ ఒక్క దృశ్యంలో రోడ్డు వణక్కుండా, కార్లు మాయమవకుండా, ఉచ్చు ఆటగాడికి ముందుగానే కనిపిస్తే మిగతా రేసంతా దానంతటదే నడుస్తుంది.